పీతల శవపేటిక

ఎల్ మాంగ్లార్ పేటలో బేస్‌బాల్ జట్టు ఓడిపోతే ఓడిపోయిందని అనరు, పోయిందంటారు. పోయినదానికి శవయాత్ర ఉండాలి, శవయాత్రకి పెట్టె ఉండాలి, పెట్టె వెనకాల గుండెలు బాదుకుంటూ ఒక విధవరాలు నడవాలి. ప్రతి జనవరిలో శీతాకాలపు లీగు ముగిసిన రోజున గెలిచిన జట్టువాళ్ళు ఓడిన జట్టు రంగు పూసిన పెట్టెను భుజానికెత్తుకుని, డప్పులతో పేటంతా ఊరేగిస్తారు. ఓడినవాళ్ళలో ఒకరు నల్ల శాలువా కప్పుకుని శోకాలు పెట్టాలి, దారిలో మూర్ఛపోవాలి. మూర్ఛపోతే పెట్టె ఆగిపోవాలి. విధవరాలు తేరుకుని లేచేదాకా అడుగు ముందుకు పడకూడదు. అది అక్కడి మర్యాద. ఆ తర్వాత అందరికీ అల్లం టీ, బిస్కెట్లు, చీజు ముక్కలు.

నవ్వుకోవడానికే ఇదంతా. ఇందులో తప్పు పట్టేందుకేమీ లేదు. కానీ ఆ పేటలో బెలార్మీనో అనే ఆయన నిజంగానే చచ్చిపోయాక, అతని భార్య ఎర్సీలియాని ఏటేటా విధవరాలిగా నిలబెట్టడం మొదలెట్టాడు నికాసియో.

"ఇంట్లో అసలైన సరుకు పెట్టుకుని నకిలీది ఎందుకయ్యా?" అని అతని వాదన. జనం నవ్వేవాళ్ళు. ఎర్సీలియా కూడా నవ్వేది, పళ్ళు కొరుక్కుంటూ.

నికాసియో ఆ పేటకి వడ్రంగి. సొరచేపల జట్టంటే పడి చస్తాడు. సొరచేపలది నీలం రంగు కాబట్టి అతని చొక్కాలు నీలం, తలుపు నీలం, పళ్ళు తోముకునే బ్రష్షు కూడా నీలం. ఎర్సీలియాది, ఆమె మొగుడిది పీతల జట్టు. ఆకుపచ్చ. పేరుకి తగ్గట్టే ముందుకి నడవడం తెలియని జట్టు అది. బెలార్మీనో బతికినంతకాలం ఆ పీతల్ని మోసి మోసి, ఒక్క కప్పూ చూడకుండానే పోయాడు. పోయేముందు డిసెంబరులో దగ్గుకుంటూ దగ్గుకుంటూ ఇంటి ముందుగోడకి తన చేత్తో ఆకుపచ్చ రంగు వేశాడు. ఒక్క పూతే వేశాడు. కిటికీ కింద కుంచె గీతలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఎర్సీలియా ఆ గోడ మీద ఈగని కూడా వాలనివ్వదు.

నిజానికి నికాసియో, బెలార్మీనో చిన్నప్పట్నుంచీ ఒక కంచంలో తిన్నవాళ్ళు. చర్చిలో ఎర్సీలియా కూతురికి నామకరణం చేయించినప్పుడు జ్ఞానపితగా పిల్లను చేతుల్లోకి తీసుకున్నది కూడా అతనే. అందుకే ఆమె అతన్ని కొంపాద్రే అంటుంది, అతను ఆమెని కొమాద్రే అంటాడు. అంత చుట్టరికం ఉన్నవాడు చేసిన పని చూడండి.

బెలార్మీనోకి పెట్టె చేసింది నికాసియోనే. మూత బిగించిందీ అతనే. పాతిపెట్టి నెల తిరక్కుండానే, చీచో కొట్టు ముందు డొమినో ఆడుతూ అతను బల్ల గుద్ది చెప్పాడు: "బెలార్మీనో తల కింద ఏముందో తెలుసా మీకు? నా నీలం టోపీ! మూత వేసేముందు నేనే దోపాను. ఇక పైన దేవుడు కూడా వాణ్ణి రారా సొరచేపా అనే పిలుస్తాడు!"

నూనె కొనుక్కుందామని వచ్చిన ఎర్సీలియా అతని వెనకాలే నిలబడి ఉంది. నూనె కొనకుండానే ఇంటికెళ్ళిపోయింది. ఆ రాత్రి నుంచి ఆమెకి సరిగ్గా నిద్ర లేదు. తలగడ మీద తల పెడితే చాలు, మట్టి కింద తన మొగుడి తల ఆ దిక్కుమాలిన నీలం టోపీ మీద ఉన్నట్టే అనిపించేది. నికాసియో కనిపించినప్పుడల్లా కొంపాద్రే అని పలకరించేది. మనసులో మాత్రం అతని మీద వేడి వేడి కూర గిన్నె బోర్లించేది.

ఆ ఏడాది పీతలు ఎలా వచ్చాయో గానీ ఫైనల్‌కి వచ్చాయి. ఎదుటి జట్టు సొరచేపలు.

"ఫైనల్‌కి రావడం కూడా ఒక గెలుపేనా కొమాద్రే?" అన్నాడు నికాసియో, చీచో కొట్టు ముందు అందరూ చూస్తుండగా. "పీతకి గిన్నె దగ్గరైనట్టు!"

"ఉడికేది ఎవరో ఆదివారం చూద్దాం," అంది ఎర్సీలియా.

"అంత ధీమా ఉంటే పందెం కాయి. పీతలు పోతే మీ ఇంటి ముందుగోడకి నేను నీలం రంగు వేస్తాను. ఆ రోజే, పొద్దు గుంకేలోపు."

ఆ గోడ సంగతి పేటలో తెలియనివాళ్ళు లేరు. చీచో కౌంటర్ వెనకనుంచి, "నికాసియో, వేరే ఏదైనా అడగవయ్యా," అన్నాడు.

"ఏం? బెలార్మీనో ఎలాగూ నీలం టోపీ మీద హాయిగా పడుకున్నాడు. ఇల్లు కూడా అదే రంగైతే జత కుదురుతుంది."

ఆ మాటతో ఎర్సీలియాకి ఒళ్ళు భగ్గుమంది. "మరి పీతలు గెలిస్తే?"

నికాసియో పొట్ట పట్టుకుని నవ్వాడు. "పీతలు గెలిస్తే ఆ పెట్టెలో నన్నే పడుకోబెట్టి ఊరేగించు! నీ ఇష్టమొచ్చిన చోటికి మోసుకుపో!"

"సరే," అంది ఆమె.

ఇంటికొచ్చి గోడ ముందు కూలబడింది. ఇదేం బుద్ధి నాకు, పీతల్ని నమ్ముకుని ఆయన గోడని పందెం పెట్టానా అని తన నోటిని తానే తిట్టుకుంది. కానీ మాట ఇచ్చేసింది, పేటంతా విన్నది.

ఆదివారం మధ్యాహ్నానికి నికాసియో అన్నీ సిద్ధం చేసుకున్నాడు. ఆకుపచ్చ రంగు పూసిన పెట్టె, దాని మీద తెల్లరంగుతో వేసిన కాళ్ళు పైకెత్తిన పీత బొమ్మ, డప్పులవాళ్ళు, పెద్ద గిన్నె నిండా అల్లం టీ. పక్కనే నీలం రంగు డబ్బా, కొత్త కుంచె. అన్నీ చీచో కొట్టు అరుగు మీద వరసగా పెట్టించాడు. ఎర్సీలియా నల్ల శాలువా తెచ్చుకుని వచ్చి కూర్చుంది. శాలువా కింద, రవికెలో, బెలార్మీనో జేబు రేడియో ఉంది. టీవీ ఎంత బాగా కనిపించినా ఆట మాత్రం రేడియోలోనే వినాలని అతని పట్టుదల. అతను పోయాక ఆ పట్టుదల ఆమెకి వచ్చింది. రేడియో తీగ చెవిలో పెట్టుకునే చూస్తుంది టీవీని.

ఆట చూసిన పీతల అభిమానులకి కళ్ళు మండిపోయాయి. పీతల ఆటగాళ్ళు బ్యాటు ఊపడం చూస్తే దోమల్ని తోలుతున్నారనిపించింది. ఆఖరి ఇన్నింగ్స్‌కి వచ్చేసరికి సొరచేపలవి నాలుగు పరుగులు, పీతలది ఒకటి. పీతలు ఆఖరిసారి బ్యాటింగుకి దిగాయి. ఇద్దరు చకచకా ఔటైపోయారు. ఇంకొక్కడు ఔటైతే సమాధే. పీతలవాళ్ళు ఒక్కొక్కరే లేచి, తల దించుకుని, ఇళ్ళకి జారుకున్నారు.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

టీవీ నల్లబడింది. ఫ్రిజ్ మూలుగు ఆగింది. పేటంతా ఒక్క గొంతుతో కరెంటు ఆఫీసువాళ్ళ అమ్మల్ని, అమ్మమ్మల్ని తలుచుకుంది. అది రోజూ ఉండే భజనే.

"కాసేపు చూద్దాం, వస్తుందేమో," అన్నాడు చీచో.

"చూసేదేముంది?" అన్నాడు నికాసియో. "మూడు పరుగుల తేడా. ఒక్క ఔటు. పీతలు చచ్చి వాసన కొడుతున్నాయి, ఇంకా నాడి పట్టుకుని చూడాలా? పొద్దు వాలిపోతోంది. చీకటి పడితే గోడకి రంగెలా వేస్తాను? కరెంటు కోసం కూర్చుంటే ఈస్టర్ వచ్చేస్తుంది. ఎత్తండి పెట్టె!"

అదీ అతను చేసిన పొరపాటు. ఆఖరి ఔటు పడకుండా పెట్టె ఎత్తకూడదని చంటిపిల్లకి కూడా తెలుసు. కానీ గెలుపు తలకెక్కినవాడికి ఎవరు చెప్తారు? డప్పులు మోగాయి. నలుగురు పెట్టె ఎత్తారు. నికాసియో ఒక చేత్తో రంగు డబ్బా, ఇంకో చేత్తో కుంచె పట్టుకుని పాదిరీలా ముందు నడిచాడు.

ఎర్సీలియా శాలువా తల మీదుగా లాక్కుంది. చెవిలో రేడియో బతికే ఉంది. బ్యాటరీల రేడియోకి కరెంటు ఆఫీసుతో పనేముంది?

కొట్టు దాటి నాలుగడుగులు వేశారో లేదో, చెవిలో వ్యాఖ్యాత అరిచాడు. సొరచేపల పిచ్చర్ విసిరిన బంతి పీతల ఆటగాడి పిరుదు మీద తగిలిందట. ఆ పిరుదు పుణ్యాన అతనికి ఊరికే ఒక బేస్ దక్కింది.

ఆ ఒక్క పరుగు తప్ప, మొత్తం ఆటలో పీతలు సాధించిన మంచి పని అదొక్కటే. అంతలో ఎర్సీలియాకి మర్యాద గుర్తొచ్చింది.

"అయ్యో నా పీతా!" అని కేకపెట్టి, మలుపు దగ్గర నేల మీద వెల్లకిలా పడిపోయింది.

పెట్టె ఆగింది. డప్పులు ఆగాయి. ఎవరో టోపీతో విసిరారు. జనం చప్పట్లు కొట్టారు. "ఏం పడింది, ఏం పడింది! మన ఎర్సీలియాకి ఏటికేడు పనితనం పెరుగుతోంది!"

ఆమె కళ్ళు మూసుకుని వింటోంది. తర్వాతివాడు కొట్టిన బంతి ముసలమ్మలా దొర్లుకుంటూ వెళ్ళి, సొరచేపల ఆటగాడి కాళ్ళ మధ్యనుంచి బయటికి పోయింది. రెండు బేస్‌ల మీద ఇద్దరు. సొరచేపల మేనేజరు కొత్త పిచ్చర్‌ని దింపడానికి పెళ్ళినడక నడుచుకుంటూ మైదానంలోకి వచ్చాడు.

"లే కొమాద్రే, లే. పొద్దు పోతోంది," అన్నాడు నికాసియో, సూర్యుణ్ణి చూసుకుంటూ.

"నాకు గాలాడటం లేదు కొంపాద్రే... నీళ్ళు..."

నీళ్ళు తెచ్చారు. గుక్క గుక్కకీ ఊపిరి పీలుస్తూ తాగింది. ఇంకో గ్లాసు అడిగింది. కొత్త పిచ్చర్ చెయ్యి సవరించుకునేదాకా తాగింది. లేచి పదడుగులు నడిచి, నికాసియో ఇంటి ముందుకి రాగానే అతని భార్య తోమాసా భుజం మీద వాలి మళ్ళీ పడిపోయింది. ఆ పడటంలో శాలువా జారి, తీగ తోమాసా కంటపడింది. తోమాసా తీగని చూసింది, ఎర్సీలియాని చూసింది. తన మొగుణ్ణి చూసింది. చిన్నగా శాలువా సర్దింది.

"పాపం, దీనికి ఒళ్ళు బొత్తిగా చల్లబడిపోయింది," అంది గట్టిగా. "ఎవరూ కదలొద్దు. కాళ్ళు రుద్దాలి."

కాళ్ళు రుద్దింది. తీరిగ్గా, ఒక్కో వేలూ. చెవిలో కొత్త పిచ్చర్ నాలుగు బంతులు విసిరాడు. నాలుగూ ఊళ్ళు పట్టుకుపోయాయి. ఆ లెక్కన పీతలవాడు ఇంకొకడికి ఊరికే బేస్ దక్కి, మూడు బేస్‌లూ నిండాయి.

"చాల్లేవే!" అని అరిచాడు నికాసియో. "చచ్చింది పీతలు, మీరిద్దరూ కాదు! పదండి!"

ఎర్సీలియా ఇంటి ముందుకి వచ్చేశారు. పొద్దు ఎర్రగా వాలింది. గోడ మీద ఎండ పడి ఆకుపచ్చ రంగు మెరుస్తోంది. కిటికీ కింద కుంచె గీతలు ఒక్కొక్కటీ కనిపిస్తున్నాయి. నికాసియో డబ్బా మూత తీశాడు. కుంచె ముంచాడు. నీలం చుక్కలు మట్టిలో పడ్డాయి.

చెవిలో వ్యాఖ్యాత పేరు చెప్పాడు: పాన్చో బరీగా. ఎర్సీలియా నీరుకారిపోయింది. పీతల క్యాచర్ వాడు. గుమ్మడిపండు లాంటి మనిషి. ఆ సీజనంతా బంతిని బ్యాటుతో ముట్టుకున్నవాడు కాదు, పరిగెత్తగా చూసినవాళ్ళూ లేరు. అయిపోయింది, ఇక అయిపోయింది అనుకుంది. పరుగెత్తి వెళ్ళి చేతులు బార్లా చాచి గోడకి అతుక్కుపోయింది. ఈసారి నటన కాదు.

"తప్పుకో కొమాద్రే."

"ఒక్కసారి ముద్దు పెట్టుకోనీ కొంపాద్రే. ఆయన చేతి గోడ."

డప్పులవాళ్ళు చేతులు దించేశారు. జనంలో నవ్వు ఆగిపోయింది. నికాసియో కూడా ఒక్క క్షణం తడబడ్డాడు. కానీ అందరూ చూస్తున్నారు, పందెం పందెమే. ఆమె తల పక్కనుంచి కుంచె పైకెత్తాడు.

ఎర్సీలియా చెవి పగిలిపోయింది.

పాన్చో బరీగా కొట్టాడు. బంతి ఆకాశంలోకి లేచింది. కింద సొరచేపల ఆటగాడు చెయ్యి చాచి నిలబడ్డాడు, వాలుతున్న సూర్యుడు వాడి కళ్ళలో పడ్డాడు, బంతి వాడి తల మీదుగా వెనక్కి పడి కంచె దాకా దొర్లింది. ఒకడొచ్చాడు, ఇద్దరొచ్చారు, ముగ్గురొచ్చారు. నాలుగు నాలుగు! పాన్చో ఆగలేదు! ఆగడం చేతకాక పరిగెత్తుతున్నాడో ఏమో, మూడో బేస్ దాటేశాడు! బంతి వస్తోంది, పాన్చో వస్తున్నాడు, పాన్చో పొట్ట మీద పడి పడవలా జారుకుంటూ...

ఎర్సీలియా వెనక్కి తిరిగింది. నికాసియో మణికట్టు పట్టుకుంది. కుంచె గోడకి బెత్తెడు దూరంలో ఆగిపోయింది. రెండో చేత్తో రవికెలోంచి రేడియో తీసి, తీగ లాగేసింది.

వీధి వీధంతా వినపడింది. "సేఫ్! సేఫ్! ఐదు నాలుగు! పీతలు చాంపియన్లు! అమ్మా, ఎవరైనా నన్ను గిల్లండి!"

అప్పుడే చీచో కొట్టు వైపునుంచి, "కరెంటొచ్చింది!" అన్న కేక, దాని వెనకే టీవీ గోల. ఇళ్ళకి పోయిన పీతలవాళ్ళందరూ తలుపులు తోసుకుని బయటపడ్డారు.

నికాసియో కుంచెలోంచి కారిన నీలం రంగు అతని చెప్పు మీదే పడింది.

"నువ్వు... నువ్వు వింటూనే ఉన్నావా?" అన్నాడు. "ఆ మూర్ఛలన్నీ..."

"మర్యాద ప్రకారమే పడ్డాను కొంపాద్రే," అంది ఎర్సీలియా. "రేపు పొద్దున స్నానం చేసి రా. మీ తోమాసాకి దూది తెమ్మని చెప్పు."

సోమవారం పేటలో ఎవరూ పనికి పోలేదు. నికాసియో రాత్రంతా ఏవేవో సాకులు వెతికాడు గానీ, మాట పేటంతా విన్నది. పెట్టె అతను చేసిందే కాబట్టి కొలత సరిపోలేదని కూడా అనలేకపోయాడు. ఎర్సీలియా అతనికి బెలార్మీనో పాత ఆకుపచ్చ చొక్కా తొడిగించింది. పెట్టె మీద పీత బొమ్మ పక్కన బొగ్గుతో సొరచేప బొమ్మ గీసింది. తోమాసా ముక్కులో దూది పెట్టడానికి వంగి, అవసరమైనదానికన్నా ఎక్కువే దూర్చింది.

"ఊపిరాడటం లేదే!"

"శవాలు మాట్లాడవు," అంది తోమాసా.

డప్పులు మోగాయి. ఎర్సీలియా శాలువా కప్పుకుంది. ఇన్నేళ్ళ శోకాలూ సాధన అనుకోండి, అసలైనవి ఆ రోజు పెట్టింది.

"అయ్యో నా సొరచేపా! ఎంత పని చేశావురా! బల్ల చేసిమ్మంటే మూడు కాళ్ళు ఒకలా, ఒకటి ఇంకోలా చేశావే! ఆ బల్ల మీద కాఫీ పెడితే ఇప్పటికీ ఒళ్ళో పడుతోందే! మా పుంజు కనిపించకపోతే నాతో పాటు వెతికి వెతికి, రాత్రికి మీ ఇంట్లో చారు వాసన రప్పించావే! నీ అంత దయగలవాడు ఎక్కడ దొరుకుతాడే, దొరికితే పోలీసులకి కూడా చెప్పండే!"

జనం నవ్వీ నవ్వీ గోడలు పట్టుకున్నారు. మలుపు మలుపుకీ ఆమె మూర్ఛపోయింది, పెట్టెని మండుటెండలో దింపించింది. పెట్టెలో శవానికి ధారలుగా చెమట పట్టింది. ఎర్సీలియాకి హాయిగా ఉంది. కడుపు చల్లబడటం అంటే ఏమిటో ఆమెకి అప్పుడు తెలిసింది. కానీ పూర్తిగా చల్లబడలేదు. టోపీ ఇంకా మట్టి కిందే ఉంది.

"శ్మశానానికి," అంది.

బెలార్మీనో సమాధి ముందు పెట్టె దించారు. నికాసియో లేచి, దూది పీకేసుకుని, ఆమె వేలు చూపించిన చోట మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"స్కోరు చెప్పు ఆయనకి."

"ఐదు నాలుగు," అని గొణిగాడు.

"గట్టిగా. ఆయనకి ఎడమ చెవి సరిగ్గా వినపడదు."

"పీతలు ఐదు! సొరచేపలు నాలుగు!"

"ఎవరు గెలిచారు?"

"పీతలు గెలిచాయి బెలార్మీనో!" అని అరిచాడు.

"ఇప్పుడు టోపీ సంగతి చెప్పు. క్షమించమని అడుగు. బతికున్నవాడికి ఎన్ని చేసినా పడ్డాడు. చచ్చినవాడి తల కింద ఎందుకు పెట్టావో ఆయనకే చెప్పు."

నికాసియో సమాధి మీది మట్టిని వేలితో గీకాడు. నవ్వుతున్నవాళ్ళు ఒక్కొక్కరే ఆగిపోయారు.

"టోపీ లేదు కొమాద్రే," అన్నాడు.

"ఏంటీ?"

"అక్కడ టోపీ లేదు. దోపుతానని డొమినో దగ్గర వాళ్ళతో పంతం పట్టాను. మూత ఎత్తాను కూడా. వాడు ఆకుపచ్చ టోపీ పెట్టుకుని, నోరు కొంచెం తెరుచుకుని ఉన్నాడు. చిన్నప్పుడు నన్ను ఔట్ చేసి ఎగతాళి చేసేటప్పుడు అలాగే పెట్టేవాడు మూతి. నా వల్ల కాలేదు. మూత వేసేసి బయటికొచ్చి దోపానని కోతలు కోశాను. కోశాక వెనక్కి తీసుకోవడం చేతకాలేదు."

"ఆ టోపీ ఏదీ మరి?"

"మా మంచం కింద ఉంది," అంది తోమాసా మెల్లగా. "గుడ్డలో చుట్టి. ఎందుకు దాచుకున్నాడో అనుకున్నాను ఇన్నాళ్ళూ."

ఎర్సీలియా సమాధిని చూసింది. ఆయన తల కింద ఏమీ లేదు. ఆయన తన ఆకుపచ్చ టోపీతో, ఆమె పెట్టినట్టే ఉన్నాడు. గుండె మీదనుంచి ఏదో దిగిపోయి పక్కకి ఒరిగింది. నిజంగానే పడిపోతుందేమోనని తోమాసా ఆమె చెయ్యి పట్టుకుంది. ఆ వెంటనే, ఆ తేలిక వెనకాలే, నిద్రలేని రాత్రులన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి. తిప్పి తిప్పి అరిగిపోయిన తలగడ వచ్చింది. నవ్వుతూ పలకరించిన కొంపాద్రేలన్నీ వచ్చాయి. ఒక్క మాట చెప్పి ఉంటే, ఒక్కటంటే ఒక్క మాట, అవేవీ లేకుండా పోయేవి.

కళ్ళు తుడుచుకుని ఇద్దరూ కౌగిలించుకుంటారని జనం ఎదురుచూస్తున్నారు. నికాసియో కూడా మోకాళ్ళు దులుపుకుని లేవబోయాడు.

"ఎక్కడికి?" అంది ఎర్సీలియా. "పెట్టెలో పడుకో."

"చెప్పాను కదా కొమాద్రే, టోపీ లేదని!"

"విన్నాను," అంది ఆమె, శాలువా తల మీదికి లాక్కుంటూ. "లేని టోపీకి ఇన్నేళ్ళు లోపల్లోపలే ఏడిపించావు నన్ను. పడుకో. తోమాసా, దూది పెట్టు. ఇంటిదాకా దారి చాలా ఉంది, ఇప్పుడు పైకే ఏడుస్తాను."